అటు తిరిగిన మనిషి

మిల్లు మూతపడ్డాక జిల్లాలో సగం మందికి పనులు మారిపోయాయి. మిగతా సగం మందికి మారడానికి కూడా పని దొరకలేదు. మిల్లు గేటు పక్కన సైకిళ్ళకు పంక్చర్లు వేసినాయన ఇప్పుడు సెల్‌ఫోన్ల అద్దాలు మారుస్తున్నాడు. క్యాంటీన్‌లో వందల మందికి వండిపెట్టిన వంటాయన, ఎవరో వండిన తిండిని బండి మీద ఇంటింటికీ మోస్తున్నాడు. క్వార్టర్సులో అందరి తలలూ దువ్వి కత్తిరించినాయన బ్యాంకు గుమ్మంలో తుపాకీ పట్టుకుని నిలబడుతున్నాడు. కత్తెర తప్ప మరో ఆయుధం ఎరగని మనిషి! బైపాసు రోడ్డు పక్కన పొలాలు పోయి, కంటి చూపు ఆనినంత మేర గోడౌన్లు లేచాయి. మంచాన పడ్డవాళ్ళను చూసుకునే హోములు రెండు వెలిశాయి. జిల్లా పెద్దలు సభ పెట్టి దీన్నంతా పరివర్తన అన్నారు. మైకులో ఆ మాట బాగానే వినబడింది.

ఆ పరివర్తన ఒక ఇంట్లో ముగ్గురినీ మూడు దారుల్లోకి నెట్టింది. ఆ ఇంటి పెద్దను ఊరంతా జాబరు అంటారు. మగ్గాల షెడ్డులో ఒక వరస మర మగ్గాలు ఆగిపోకుండా చూసే మేస్త్రీని జాబరు అనేవారు. మగ్గాలు తుక్కు కింద అమ్ముడుపోయి ఏళ్ళవుతున్నా ఆ పేరు మాత్రం ఆయన్ని వదల్లేదు. ఆయన భార్య అదే మిల్లులో దారం కండెలు చుట్టేది. మిల్లు పోయాక హోములో రోగుల్ని లేపి కూర్చోబెట్టి, ఒళ్ళు తుడిచి, దుప్పట్లు మార్చే పనిలో చేరింది. కూతురు బైపాసు గోడౌనులో పార్సెళ్ళకు టేపు అంటించే పనిలో చేరి, ఒక్కో మెట్టూ ఎక్కి షిఫ్టు ఇన్‌ఛార్జి అయింది. అక్కడ అందరూ ఆమెను మేడమ్ అంటారు. ఇప్పుడు తండ్రి కూడా, గోడౌను గేటు దాటిన క్షణం నుంచి, మేడమ్ అనే అంటున్నాడు. ఆ పిలుపు వినబడినప్పుడల్లా ఎవరో వెనక నుంచి జడ పట్టుకుని లాగినట్టుంటుంది ఆమెకు.

గోడౌనులో ఆయనకు పని వేయించింది ఆమే. అసలు కారణం తల్లి నడుము. మనుషుల్ని ఎత్తీ దించీ అది ఎప్పుడో చేతులెత్తేసింది. పొద్దున లేవాలంటే మంచం కోడు పట్టుకుని, పళ్ళ బిగువున లేస్తోంది. "ఇంకొన్నాళ్ళు ఇలాగే ఎత్తావంటే, నిన్ను ఎత్తడానికి మరొకళ్ళు కావాలి" అని హోములో నర్సు మొహం మీదే చెప్పేసింది. జాబరుకు ఒక పని ఖాయమైతే తల్లి మానేయొచ్చు. మూడు నెలలు చూసి ఖాయం చేస్తామన్నారు గోడౌను వాళ్ళు. మూడో నెల నడుస్తోంది. ఇంకేముంది, అయిపోయినట్టే అనుకుంది తల్లి. హోములో మానేస్తున్నానని చెప్పేసి, అక్కడ వేసుకునే నీలం కోటు ఉతికి, ఇస్త్రీ చేసి, పెట్టె అడుక్కి తోసేసింది.

"దాని మొహం ఇక చూడను" అంది, ఆ కోటు ఏదో పగవాడైనట్టు.

మిల్లు పోయినా ఆ ఇంట్లో మిల్లు అలవాట్లు పోలేదు. మగ్గాల మోతలో చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా వినబడేది కాదు. అందుకని అక్కడ అందరూ గొంతు లేకుండా, పెదవులతోనే మాట్లాడుకునేవారు. షెడ్డు ఈ చివర అన్న మాట ఆ చివర మనిషికి కళ్ళతోనే అందేది. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. కూతురి చిన్నప్పుడు స్నేహితురాళ్ళు వచ్చి, చప్పుడు లేని ఆ ఇంటిని చూసి, "మీ అమ్మా నాన్నా పోట్లాడుకున్నారా?" అని గుసగుసగా అడిగేవారు. నిజానికి ఆ సమయంలో భార్యాభర్తలిద్దరూ పెదవులు కదుపుతూ, చుట్టాల మీద చాడీలు చెప్పుకుంటూ, మహా కులాసాగా ఉండేవారు. కూతురికి మాటలతో పాటే ఆ భాష కూడా వచ్చేసింది.

ఆ భాషకు ఒక మర్యాద ఉండేది. ఎంత దూరంలో ఉన్నా, మొహం కనబడితే చాలు, మాట తెలిసిపోతుంది. అందుకని ఇద్దరు సొంత విషయమేదో మాట్లాడుకుంటుంటే మూడో మనిషి అటు తిరిగి నిలబడేవాడు. పొరపాటున చూడకూడని మాట చూస్తే, చూసిన క్షణంలోనే అటు తిరిగిపోయేవాడు. నేను చూశాను, ఇంక చూడను, ఎవరితోనూ అనను అని దాని అర్థం. ఇంట్లో అత్తాకోడళ్ళకు మాటా మాటా వచ్చినప్పుడు జాబరు గోడ వైపు తిరిగి ఎంతసేపైనా అలాగే నిలబడేవాడు. "గోడతో ఏం మంతనాలురా నీకు?" అని వాళ్ళమ్మ పనిలో పనిగా ఆయనకూ నాలుగు తగిలించేది.

గోడౌనులో మోత లేదు. పార్సెళ్ళను మోసుకుపోయే పొడుగాటి బెల్టు సన్నగా గురక పెడుతూ కదులుతుంటుంది. దానికి రెండు పక్కలా నారింజ రంగు చొక్కాలు వేసుకుని, చెవుల్లో పాటలు పెట్టుకుని మనుషులు నిలబడి ఉంటారు. మిల్లులో ఒకప్పుడు చెవులు చిల్లులు పడి సగం వినికిడి పోగొట్టుకున్న జాబరుకు ఆ నిశ్శబ్దం వింతగా ఉండేది. అయినా పని త్వరగానే పట్టుకున్నాడు. చిరిగిన పెట్టె దూరం నుంచే కనిపెట్టేవాడు. టేపు వృథా చేసేవాడు కాదు. వచ్చిన చిక్కల్లా, అందరి మాటలూ ఆయనకు కనబడటం.

ఒకసారి ఆ చివర లారీ డ్రైవరు మేనేజరు గురించి నోట్లో నోట్లోనే ఏదో అనుకుంటే, ఈ చివర జాబరు పొట్ట పట్టుకుని నవ్వాడు. డ్రైవరుకు గుండె గుభేలుమంది. ఆ సాయంత్రం బస్సులో కూతురు తండ్రికి చెప్పింది.

"నాన్నా, ఇక్కడ అందరి మాటలూ అలా చూడకు."

"నేను చూడటం ఏముంది తల్లీ, అవే కనబడుతున్నాయి."

"అయితే అటు తిరుగు."

"అటు తిరిగితే పార్సెళ్ళు ఎవరు చూస్తారు, మేడమ్?"

ఆమెకు నవ్వొచ్చింది. ఆయనా నవ్వాడు. ఆ బస్సులో తండ్రి పక్కన కూర్చుని ఇంటికి వెళ్ళడం ఆమెకు ఎంతో బాగుండేది. చిన్నప్పుడు మిల్లు గేటు దగ్గర ఆయన కోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసిన పిల్ల, ఇప్పుడు ఆయనతో కలిసే పని దిగుతోంది. ఆ సంతోషం ఎవరితోనూ చెప్పుకోలేదు. చెప్పుకుంటే దిష్టి తగులుతుందన్నట్టు దాచుకుంది.

బెల్టు ఆగింది రెండుసార్లు. రెండుసార్లూ ఆపింది జాబరే.

మిల్లులో ఒక గుర్తు ఉండేది. రెండు చేతులూ తల పైకెత్తి, మణికట్టు మీద మణికట్టు అడ్డంగా వేస్తే, ఎవరిదో చెయ్యి యంత్రంలో పడిందని. చూసినవాడు చూసినట్టే తన చేతులు కూడా ఎత్తాలి, దగ్గర్లో ఉన్నవాడు యంత్రం ఆపాలి. ఒకసారి ఆ గుర్తు ఈ ఇంటి ఇల్లాలి కోసమే లేచింది. అప్పుడు ఆమె యంత్రానికి అందరికంటే దగ్గర్లో ఉన్నవాడు జాబరే. కానీ ఏదో బోల్టు బిగించడానికి మగ్గం కింద దూరి ఉన్నాడు. బయటికొచ్చి తలెత్తి చూసేసరికి షెడ్డంతా చేతులెత్తి నిలబడి ఉంది. ఆమె కుడిచేతికి ఇప్పుడు మూడు వేళ్ళే. ఆ విషయంలో ఆమె ఆయన్ని ఏనాడూ ఒక్క మాట అనలేదు. ఆయన ఏనాడూ మరచిపోలేదు.

మొదటిసారి బెల్టు ఆగింది ప్యాకింగ్ బల్ల దగ్గరి ఆవిడ వల్ల. ఆవిడ అంతకుముందు ఫోటో స్టూడియోలో పనిచేసేది. అది మూతపడితే ఇక్కడికొచ్చింది. నడుం పట్టేసి, చేతులు పైకెత్తి, మెలిపెట్టి ఒళ్ళు విరుచుకుంది. అంతే. జాబరు ఒక్క ఉరుకున వెళ్ళి, బెల్టు వెంట వేలాడే ఎర్ర తాడు లాగేశాడు. గోడౌను మొత్తం ఆగిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదని తెలిశాక ఆయన మొహం చిన్నబోయింది.

"నేనిక ఒళ్ళు విరుచుకోను బాబాయ్, నీ మీద ఒట్టు" అని ఆవిడ నవ్వేసింది. కూతురు మాత్రం మేడ మీదికి వెళ్ళి, పెట్టె ఇరుక్కుందని తానే ఆపించానని మేనేజరుకు అబద్ధం చెప్పి వచ్చింది. ఇంటికెళ్ళే దారిలో తండ్రిని కసిరింది కూడా.

"అది మిల్లు కాదు నాన్నా."

"తెలుసు తల్లీ. నాకు తెలుసు. ఈ చేతులకే ఇంకా తెలియలేదు."

రెండోసారి సేలు రోజుల్లో జరిగింది. ఊపిరి తీసుకునే తీరిక లేదు. పార్సెళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కి వస్తున్నాయి. లారీ దగ్గర కొత్తగా చేరిన హమాలీ ఒకడు, బండి నిండిపోయిందని డ్రైవరుకు చెప్పడానికి రెండు చేతులూ పైకెత్తి అడ్డంగా వేశాడు. అది జాబరు కంటపడింది. తాడు లాగాడు. అంతటితో ఊరుకుంటే ఏమయ్యేదో. కానీ ఆగిన బెల్టు మీంచి దూకి, పరిగెత్తుకుంటూ పోయి, ఆ హమాలీ రెండు చేతులూ పట్టుకుని, ఒక్కొక్క వేలే తడిమి చూశాడు. పది వేళ్ళూ ఉన్నాయి. హమాలీ మొదట నవ్వాడు. తర్వాత ఆ ముసలాయన మళ్ళీ మొదటి వేలి నుంచి లెక్కపెట్టడంతో నవ్వు ఆపేశాడు. వెనక ఆగిన బెల్టు మీద గుట్టపడ్డ పార్సెళ్ళు ఒకటొకటే జారి కింద పడుతున్నాయి.

మేనేజరు కూతుర్ని పైకి పిలిచాడు.

మేనేజరు గది మేడ మీద ఉంటుంది. నాలుగు వైపులా అద్దాలే. కింద ఎవరు పని చేస్తున్నారో, ఎవరు గోళ్ళు గిల్లుకుంటున్నారో కనబడాలని అలా కట్టారు. తలుపు వేసుకుంటే కింద మాట పైకి రాదు, పై మాట కిందికి పోదు. మేనేజరు చెడ్డవాడేం కాదు. ఆమె కంటే చిన్నవాడు. వాళ్ళ నాన్నది ఒకప్పుడు చెరకు ఫ్యాక్టరీలో గుమాస్తా ఉద్యోగం. అదీ పోయింది. కుర్చీ ఉంది గానీ అతను దానిలో కూర్చోలేదు.

"మీ నాన్నగారని తెలుసు మేడమ్. మొదటిసారి మీరు కాదు ఆపించింది, అదీ తెలుసు. అప్పుడు ఊరుకున్నాను. ఇవాళ రెండు బండ్లు సగం సరుకుతో వెళ్ళాయి. పై నుంచి ఫోను వచ్చింది. నేనేదో ఒకటి చెప్పాలి."

ఆమె అద్దానికి ఎదురుగా నిలబడి ఉంది.

"మీరు పూచీ పడతానంటే ఉంచేద్దాం. నాకేం అభ్యంతరం లేదు. కానీ ఇంకోసారి ఆగితే ఆయనతో పాటు మీ షిఫ్టు కూడా పోతుంది. మళ్ళీ కింద టేపు అంటించుకోవడమే. చెప్పండి. మీ మాటే నా మాట."

చెప్పండి అన్నాడు గానీ, చెప్పడం అంత తేలికా? ఆమె కళ్ళ ముందు ఒక్కసారిగా టేపు చుట్టలు తిరిగాయి. వేళ్ళ చివర్లు పగిలి రక్తం వచ్చిన రోజులు గుర్తొచ్చాయి. ఆ బల్ల దగ్గర నుంచి ఈ గది దాకా రావడానికి ఆమె ఎన్ని మాటలు దిగమింగిందో ఆమెకే తెలుసు. తండ్రి మళ్ళీ తాడు లాగుతాడా అంటే, లాగుతాడు. అదీ ఆమెకు తెలుసు. భయం వేసింది. భయం వేసిన మనిషి ఒక్క మాటతో ఆగదు. ఎదుటివాడు నమ్మాలని, తనను తాను నమ్మించుకోవాలని, నాలుగు మాటలు ఎక్కువే అంటుంది.

"పూచీ పడలేను సార్" అంది. "ఆయనకు చెవులు పోయాయి. వయసూ అయిపోయింది. మిల్లు పోయిందిగానీ ఆయన బుర్రలోంచి పోలేదు. నేను మొదట్లోనే వద్దన్నాను, అమ్మ పోరు పడలేక తీసుకొచ్చాను. తీసేయండి. ఇక్కడనే కాదు, ఆయన ఇంక ఎక్కడా పనికిరాడు."

అమ్మ ఏనాడూ పోరు పెట్టలేదు. మాట నోరు దాటాక ఆమెకే తెలిసింది, ఎంత దూరం పోయిందో. నీళ్ళు తాగుదామని చూపు తిప్పింది. అద్దంలోంచి కింద గోడౌను కనబడింది.

బెల్టు మళ్ళీ నడుస్తోంది. నారింజ చొక్కాలన్నీ బెల్టు మీదికి వంగి ఉన్నాయి. కొందరు ఏం జరుగుతోందోనని మేడ వైపు దొంగచూపులు చూస్తున్నారు. ఒక్క మనిషి మాత్రం బెల్టుకీ మేడకీ వీపు పెట్టి, అటు తిరిగి నిలబడి ఉన్నాడు. ఆయన ఎదురుగా ఉన్నది వట్టి గోడ. దాని మీద గడియారం లేదు, కాగితం లేదు, చూడటానికి ఏమీ లేదు. చేతులు రెండూ పక్కలకు వేలాడేసి, ఆ గోడ వైపు కదలకుండా నిలబడి ఉన్నాడు.

ఆమె పుట్టినప్పటి నుంచి చూస్తున్న భంగిమ అది. తలుపు వేసి ఉంది కదా, ఎవరికీ వినబడదు కదా అని ఊరట పడిందే తప్ప, మొహం కనబడితే చాలునని ఆమెకు తట్టనే లేదు. ఆ తండ్రి కూతురై ఉండి, ఆ భాషలో పెరిగి, ఎలా మరచిపోయింది! మేడమ్ అనిపించుకుని అనిపించుకుని, ఆ ఇంటి పిల్లనన్న సంగతి ఆ క్షణంలో మరచిపోయింది. మేనేజరు ఇంకేదో అంటున్నాడు. ఆమె మెట్లు దిగేసింది.

ఆమె అడుగులు దగ్గరపడ్డాకే జాబరు ఇటు తిరిగాడు. అప్పటికే నారింజ చొక్కా విప్పి, నాలుగు మడతలు వేసి చేతిలో పట్టుకున్నాడు.

"ఇక్కడ నాకు గాలి ఆడట్లేదు తల్లీ" అన్నాడు ఆయన. గోడౌనులో ఆమెను అలా పిలవడం అదే మొదటిసారి. "నేనే మానేస్తానన్నానని పైన చెప్పు. అదైతే నీకూ మర్యాదగా ఉంటుంది."

"నాన్నా, నేను పైన..."

"పని చూసుకో. బండ్లు నిలబడిపోయాయి. పాపం, ఆ హమాలీ బిడ్డ బెదిరిపోయి ఉంటాడు, వాడితో ఓ మాట మాట్లాడు."

చొక్కా ఆమె చేతిలో పెట్టి, గేటు వైపు నడిచాడు. ప్యాకింగ్ బల్ల దగ్గరి ఆవిడ "బాబాయ్" అని పిలిచింది. ఆయనకు వినబడలేదో, వినబడనట్టు నటించాడో.

ఆ రోజు షిఫ్టు ఎలా గడిచిందో ఆమెకు తెలియదు. గంట కొట్టాక ఒక్కతే బస్సెక్కింది. తండ్రి కూర్చునే కిటికీ పక్క సీట్లో ఎవరో కూర్చుంటే, ఆమెకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఆ మనిషి ఏం చేశాడు పాపం!

ఇంట్లో అడుగుపెట్టగానే మొదట కనబడింది నీలం కోటు. తలుపు వెనక, పాత కొక్కేనికి వేలాడుతోంది. పెట్టెలోంచి తీసినట్టు మడతలు ఇంకా దాని మీద అడ్డంగా, నిలువుగా కనబడుతున్నాయి. తల్లి ముందు గదిలో నేల మీద కూర్చుని నడుముకు మందు రాసుకుంటోంది. ఆ మూడు వేళ్ళ చెయ్యి వెనక్కి అందక, మందు చీరకు అంటుకుంటోంది.

జాబరు వంటింటి గుమ్మంలోంచి టీ గ్లాసులు పట్టుకుని వచ్చాడు.

"వచ్చావా? కూర్చో. అక్కడ నాకు కుదరక మానేశానని మీ అమ్మకు చెప్పేశాను" అన్నాడు, పక్కింటికి కూడా వినబడేంత గట్టిగా. "రేపటి నుంచి మీ అమ్మ మళ్ళీ హోముకు పోతానంటోంది. ఇంట్లో ఊరికే ఉంటే తోచట్లేదట. వంటా గింటా నేను చూసుకుంటాలే. ఇన్నాళ్ళూ దాని వంట తిన్నాం, ఇంక నా వంట తిని చూడండి, అప్పుడు దాని విలువ తెలుస్తుంది."

తల్లి నవ్వింది. ఆయన గ్లాసులు ఇద్దరి ముందూ పెట్టాడు. తర్వాత కిటికీ దగ్గరికి వెళ్ళి, బయట వీధిలోకి చూస్తూ నిలబడ్డాడు. వీధిలో ఎవరూ లేరు.

కూతురు తల్లి చేతిలోంచి మందు తీసుకుని ఆమె ఎదురుగా కూర్చుంది. తండ్రి వీపు వైపు ఒకసారి చూసింది. గొంతు లేకుండా, పెదవులతో అంది.

"ఆయన మానేయలేదమ్మా. నేనే తీసేయమన్నాను. ఎక్కడా పనికిరాడన్నాను."

తల్లి ఆమె మొహంలోకి చూసింది. కోప్పడలేదు. కోప్పడితే బాగుండునని కూతురికి ఎంత అనిపించిందో! ఒక్క తిట్టు తిడితే ఆ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చి ఉండేది.

"తెలుసు" అన్నాయి తల్లి పెదవులు. "వస్తూనే చెప్పాడు. పిల్లకి అక్కడ ఇంకో దారి లేకపోయింది, ఒక్క మాట కూడా అనకు అని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. నాకు తెలుసని నీకు తెలిసినట్టు ఆయనకు తెలియనివ్వకు."

కూతురు తల దించుకుంది. మందు వేళ్ళకు తీసుకుని, తల్లి వెనక్కి జరిగి, నడుము మీద మెల్లగా రుద్దసాగింది. టీ చల్లారిపోయింది. తల్లీకూతుళ్ళిద్దరూ చాలాసేపు ఏదో ఒకటి పెదవులతో చెప్పుకుంటారని, చెప్పుకోనివ్వాలని, వీధిలో చూడటానికి ఏమీ లేకపోయినా, జాబరు అటు తిరిగే నిలబడి ఉన్నాడు.